అమెరికా ఉక్కు రేకు బొమ్మలు లుండాల్‌తోనే మొదలయ్యాయా?

మోలీన్_మాధవ్
అచ్చులో నొక్కిన ఉక్కు రేకు బొమ్మలు అమెరికాలో ఫ్రెడ్ లుండాల్‌తోనే మొదలయ్యాయని మొన్న రాశాను. రవిగారు తప్పన్నారు. అందుకే ఈ చర్చ విడిగా పెడుతున్నాను.

నేనుండేది ఇల్లినాయ్‌లో, ఈస్ట్ మోలీన్ పక్కనే. లుండాల్ మోలీన్ ప్రెస్డ్ స్టీల్ కంపెనీ 1910లో పెట్టాడు. లారీలకు మడ్‌గార్డుల వంటి విడిభాగాలు చేసేవాడు. కొడుకు ఆర్థర్‌ని అందరూ బడ్డీ అని పిలిచేవాళ్లు. వాడి కోసం ఫ్యాక్టరీ రేకుతోనే ఒక లారీ చేసిచ్చాడు. చుట్టుపక్కల పిల్లలంతా తమకూ కావాలన్నారు. 1921లో బడ్డీ ఎల్ పేరుతో అమ్మకం మొదలైంది. అంతకుముందు బొమ్మ బండ్లంటే ఎక్కువగా పోత ఇనుమువి, కాదంటే పల్చటి రేకువి. ఒకటి కింద పడితే విరుగుతుంది, రెండోది సొట్టపోతుంది. బడ్డీ ఎల్ లారీ రెండడుగుల పొడవుండేది. పిల్లాడు ఎక్కి కూర్చున్నా వంగేది కాదు.

ప్రెస్‌షాప్_రవి
మాధవ్ గారూ, "మొదలయ్యాయి" అన్న మాట దగ్గరే నా పేచీ. ఒహాయోలోని డేటన్‌లో డి.పి. క్లార్క్ కంపెనీ 1900 నాటికే ఉక్కు రేకు బండ్లు చేస్తోంది. లోపల బరువైన చక్రం ఉండేది. నేలకు అదిమి రెండు మూడుసార్లు తోసి వదిలితే బండి ఎత్తు కూడా ఎక్కేసేది. అందుకే హిల్ క్లైంబర్ అన్నారు. న్యూ హాంప్‌షైర్‌లోని కీన్‌లో కింగ్స్‌బరీ కీ ఇచ్చి వదిలే రేకు కార్లు చేశాడు. స్ట్రక్టో అనే బొమ్మల కంపెనీని 1908లోనే ఫ్రీపోర్ట్‌లో పెట్టారు, అదీ మీ ఇల్లినాయే.

మోలీన్_మాధవ్
స్ట్రక్టో మొదట చేసింది పిల్లలు బిగించుకునే ముక్కల పెట్టెలు. డేటన్ బండ్లలో చెక్క ఉంటుంది. చెక్క కలిసినదాన్ని ఉక్కు బొమ్మ అని ఎలా అంటాం?

ప్రెస్‌షాప్_రవి
చెక్క ఉంటే ఏమైంది? డై మీద, అంటే అచ్చు మీద, రేకు పెట్టి నొక్కారా లేదా? నొక్కితే అది ప్రెస్ పనే. ఇరవై రెండేళ్లుగా నేను చేసేది ఆ పనే.

మోలీన్_మాధవ్
గేజ్ సంగతి, అంటే రేకు మందం సంగతి, మరిచిపోతున్నారు. బడ్డీ ఎల్‌కు వాడింది 18, 20 గేజ్ రేకు. అది బొమ్మల రేకు కాదు, బండ్ల రేకు. ఆ మందం దగ్గరే కొత్త దారి మొదలైంది.

లత_మిషిగన్
మా వైపు వయాన్‌డాట్‌లో ఆల్ మెటల్ ప్రొడక్ట్స్ చవక బొమ్మలు చేసింది. డబ్బు లేని ఇళ్లలో పిల్లలు ఆడుకున్నవి అవే. వాటి ఊసే ఎత్తరేం?

పాతసామాన్లు_కృష్ణ
ఈ "మొదటిది" అనే మాటకే నేను మోసపోయాను. "ఇది బడ్డీ ఎల్ తొలి లారీ" అని ఒకాయన అమ్మితే కొన్నాను. ఇంటికి తెచ్చి పైరంగు గీకితే రేడియేటర్ మీద ప్యాకార్డ్ అన్న అక్షరాలు బయటపడ్డాయి. అది బోస్టన్‌లోని కీస్టోన్ బొమ్మల కంపెనీ వాళ్లది, ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ అనుమతితో చేసిన లారీ. మంచి బొమ్మే, కానీ నేను డబ్బు పెట్టింది దానికి కాదు. ఎవరు మొదలో తేల్చేవరకు ఇలాంటివాళ్లు అమ్ముతూనే ఉంటారు.

మోలీన్_మాధవ్
కృష్ణగారూ, అది అమ్మినవాడి తప్పు, లుండాల్ ఏం చేశాడు? రవిగారూ, సూటిగా అడుగుతున్నాను. ఒక తండ్రి కొడుకు కోసం ముచ్చటపడి బొమ్మ చేశాడు. ఆ కథ మీద మీకెందుకంత మంట?

ప్రెస్‌షాప్_రవి
చెప్తాను, వినండి. మా నాన్న కూడా ప్రెస్ ఆపరేటరే. నాకు ఆరేళ్లప్పుడు తుక్కు రేకుతో నాకో చిన్న లారీ చేశాడు. టిఫిన్ సంచిలో పెట్టుకుని వస్తుంటే గేటు దగ్గర పట్టుకున్నారు. దొంగతనం అని మెమో ఇచ్చి మూడు రోజుల జీతం కోశారు. ఆ లారీని నేను చూడనే లేదు. చేసింది అదే పని కదా మాధవ్ గారూ! లుండాల్‌ది చరిత్ర అయింది, ఎందుకంటే రేకు ఆయనదే, గేటూ ఆయనదే. వేల లారీలు నొక్కినవాళ్లు ఆ కథలో ఎక్కడున్నారు?

లత_మిషిగన్
రవిగారూ, నాన్నగారు ఆ లారీ ఎలా ఉండేదో ఎప్పుడైనా చెప్పారా?

ప్రెస్‌షాప్_రవి
తొట్టి పైకి లేచేదట.

మోలీన్_మాధవ్
ఈ మాట ముందే తెలిస్తే చెక్క పట్టుకుని ఇంత లాగేవాణ్ని కాదు. అయినా లుండాల్‌ని ఉత్త యజమానిగా చూడలేను. చివరికి కంపెనీ ఆయన చేతుల్లో కూడా మిగల్లేదు, 1930లో చనిపోయాడు. ఆ బొమ్మ మీద ప్రేమ నిజమనే నమ్ముతాను. కానీ మీరడిగిన ప్రశ్న నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజుల సిటీ డైరెక్టరీల్లో మనిషి పేరు పక్కన చేసే పని కూడా వేసేవాళ్లు. శనివారం లైబ్రరీకి వెళ్లి, 1920ల్లో డై మేకర్లు ఎవరెవరున్నారో చూస్తాను.

ప్రెస్‌షాప్_రవి
డై మేకర్లతో ఆపకండి. ప్రెస్ నడిపినవాళ్ల పేర్లు కూడా రాసుకోండి. డేటన్ విషయంలో మాత్రం నా మాట మారదు.