"పోరు నష్టం, పొందు లాభం": ఈ 'పొందు' మీకేమని వినిపించింది?

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా నలుగురం కట్టిన రాక్ పాట ఇక్కడ పెట్టాను. యుద్ధం వద్దని చెప్పే పాట. నాలుగు నిమిషాలు ఆ గోల భరించినవాళ్ళకి ముందుగా దండాలు. గిటార్ ఎక్కువైందా, గొంతు తక్కువైందా అన్న సంగతులు పక్కన పెడదాం. ఇక్కడ నేను అడగాల్సింది ఒక్క మాట గురించి.

మొదటి చరణం, పల్లవి ఇవి:

ఊరు కాలిన వాసనేదో
గాలి మోసుకు వచ్చెనింటికి
అమ్మ పొయ్యిని ఆర్పివేసెను
అన్నమెవరికి వండనంటూ
పోరు నష్టం, పొందు లాభం!
పోరు నష్టం, పొందు లాభం!

పల్లవి నాది కాదు, సామెత. గట్టు తగాదాలు పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళతో మా తాతయ్య ఈ మాటే అనేవాడు. పోరు అంటే తగవు, పొందు అంటే స్నేహం, రాజీ. ఇంతకన్నా సూటిగా నేనేం రాయగలను అనుకుని అలాగే పెట్టేశాను.

విన్నవాళ్ళు చెప్పింది చూస్తే తల తిరిగింది. మా తమ్ముడి రూమ్మేటు "పాట బాగుంది అన్నా, కానీ మధ్యలో ఆ మ్యూచువల్ ఫండ్ యాడ్ ఏంటి?" అన్నాడు. 'పొందు లాభం' అంటే 'లాభం పొందు' అని వాడి లెక్క. ఆఫీసులో ఒకమ్మాయి నవ్వాపుకుంటూ "పొందు అంటే... అదేనా?" అంది. అది కాదమ్మా అని చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. మొత్తం పదకొండు మందిని అడిగాను. రాజీ అన్న అర్థంలో విన్నది నలుగురే, ఆ నలుగురూ యాభై దాటినవాళ్ళే.

ఇంతకీ నామవాచకంగా 'పొందు' చచ్చిపోయిందా? మాట మార్చేయమంటారా?

తెనాలి మాష్టారు:
నాయనా, పాట విన్నాను. చెవులు ఇంకా మోగుతున్నాయి, అయినా విన్నాను. 'పొందు' చచ్చిపోలేదు. తిరుపతి వెంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు'లో కృష్ణుడు కొలువులో నిలబడి అడిగేదే అది. "పొందు సేసెదో", లేకపోతే ఎల్లి రణమే కూర్చుకుంటావో తేల్చి చెప్పమంటాడు. ఎల్లి అంటే రేపు. మా ఊళ్ళో ఆ పద్యానికి వన్స్ మోర్ కొట్టించని నటుడికి మర్యాద లేదు. రిక్షా తొక్కేవాళ్ళు కూడా రాగం తీసి పాడేవారు, పొందు అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. కాబట్టి నీ పదం తప్పు కాదు, వినేవాళ్ళకి నాటకం పోయింది.

ఇంకో సంగతి. పొందిక, పొందుపరచడం అంటున్నాం కదా, వాటిలో ఉన్నది ఈ పొందే. కలవడం, ఇమడడం. ఒంటరిగా తిరగడం మానేసింది గానీ బంధువుల ఇళ్ళలో బాగానే ఉంది.

బెంగళూరు తమ్ముడు:
మాష్టారూ, మీరు చెప్పింది నిజమే గానీ పాట వింటూ పొందిక గుర్తు తెచ్చుకునే టైమ్ ఉండదండి. ఈరోజు 'పొందు' అనగానే క్రియే వినిపిస్తుంది. ర్యాంకు పొందు, రాయితీ పొందు. పక్కన లాభం కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అన్నా, 'పొందే లాభం' అనండి. ఒత్తి పలికితే గొడవ వదిలిపోతుంది.

తెనాలి మాష్టారు:
వదలదు. 'పొందే లాభం' అంటే 'మనం పొందే లాభం' అని కూడా అవుతుంది. ముందు ఆజ్ఞ అనుకున్నారు, ఇప్పుడు విశేషణం అనుకుంటారు. గోతిలోంచి తీసి నూతిలో పడేసినట్టు.

మా డ్రమ్మర్ (ఇతన్ని నేనే ఈ చర్చలోకి లాక్కొచ్చాను):
అర్థాల సంగతి నాకు తెలీదు. లెక్క సంగతి చెప్తా. పల్లవి మొత్తం ఏడు మాత్రల మీద, అంటే ఏడు దెబ్బల లెక్క మీద నడుస్తుంది. పోరు మూడు, నష్టం నాలుగు. పొందు మూడు, లాభం నాలుగు. తకిట తకధిమి, తకిట తకధిమి. నేను ఏమీ చేయలేదు, సామెతే అలా ఉంది. 'పొందే' అంటే నాలుగైపోతుంది, నా చెయ్యి తడబడుతుంది. 'యుద్ధం నష్టం' అన్నా అంతే, నాలుగూ నాలుగూ. అప్పుడది అందరూ వాయించే మామూలు ఎనిమిది. ముందు మేం 'యుద్ధం వద్దు' అనే కట్టాం. అదీ ఏడే, కానీ ముందు నాలుగు, తర్వాత మూడు. ఊరేగింపులో అరవడానికి బాగుంటుంది. మా చరణాలన్నీ మూడు నాలుగు మీద నడుస్తుంటే పల్లవి దగ్గరికొచ్చేసరికి బండి రోడ్డు దిగినట్టు ఉండేది.

తెనాలి మాష్టారు:
ఈ అబ్బాయెవరో గాని బుద్ధిమంతుడు. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అంటే అది గురజాడ వాడిన ముత్యాలసరం అనే ఛందస్సు నడక. మీరు పాశ్చాత్యం అనుకుని వాయిస్తున్నది విజయనగరం సరుకు. సామెత పాత రూపంలో 'నష్టము, లాభము' అన్నా లెక్క అంతే, గురువు పక్కన రెండు లఘువులు, నాలుగు మాత్రలు. కాబట్టి మారిస్తే మూడు మాత్రల మాటతోనే మార్చాలి.

బెంగళూరు తమ్ముడు:
అయితే 'సంధి లాభం'? మూడు మాత్రలే కదండీ.

మా డ్రమ్మర్:
మూడే. ఓకే.

విశాఖ అక్క:
సంధి అనగానే నాకు సవర్ణదీర్ఘ సంధి గుర్తొస్తోంది తమ్ముడూ. పదో తరగతిలో సంధి లాభమే, రెండు మార్కులు. మా అమ్మమ్మయితే జ్వరంలో పలవరించేవాళ్ళని చూసి 'సంధి పుట్టింది' అనేది. వద్దు బాబూ.

ఇంకో మాట. మొన్న ఈ పాట కింద ఎవరో "మన తెలుగువాళ్ళకి యుద్ధం అంటే పేపర్లో చదవడమే" అన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆనాటి బాంబు ఒకటి మా బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, వెళ్ళి చూడొచ్చు. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఊరు ఖాళీ చేసి పోయిన కథలు చెప్పేవాళ్ళు. "అమ్మ పొయ్యిని ఆర్పివేసెను" దగ్గర నాకు ఆ కథలే గుర్తొచ్చాయి. ఆ లైన్ మాత్రం ముట్టుకోకండి.

మాచర్ల పిన్ని:
పొత్తు అనండి! పోరు నష్టం, పొత్తు లాభం. పొత్తు కూడా మూడేగా. పొత్తున తినడం అంటే అందరూ కలిసి కూర్చుని తినడం. మా పల్నాట్లో అన్నదమ్ముల పోరు ఎక్కడికి పోయిందో కారంపూడి వెళ్తే తెలుస్తుంది, ఇప్పటికీ ఆ వీరులకి ఉత్సవం చేస్తారు. ఆ కథలోనే బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఉంది, కులం చూడకుండా ఒకే చాప మీద అందరికీ అన్నం. నేనైతే పోరుకి ఎదురుమాట పొత్తే అంటాను.

బెంగళూరు తమ్ముడు:
పిన్నీ, అర్థం బంగారం. కానీ ఇప్పుడు పొత్తు అంటే సీట్ల సర్దుబాటే. ఈ పాట ఎన్నికల ముందు విడుదలైతే ఏ పార్టీ వాళ్ళు డబ్బులిచ్చారని అడుగుతారు.

నేను (పాట పెట్టినవాడిని):
పిన్నిగారూ, చాపకూడు మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా చరణంలో అన్నం ఉంది, పల్లవిలో పొత్తు ఉంటే రెండూ కలిసేవి. కానీ తమ్ముడి భయం నాకూ ఉంది. పాడి చూశాం, మా బేసిస్టు పాట మధ్యలో నవ్వేశాడు.

వరంగల్ చెల్లె:
అన్నా, అందరూ పొందు మీదనే పడ్డారు. నాకు అసలు ఇబ్బంది మొదటి మాటతోని. 'పోరు నష్టం' అంటే ఎట్ల? మా దగ్గర పోరు అంటే భూమి కోసం, హక్కు కోసం కొట్లాడుడు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం మా తాత చెప్పంగ విన్నం. మొన్నటి తెలంగాణ ఉద్యమంల ఊరూరా పోరు అన్న మాటనే. అదంతా నష్టమా? యుద్ధం పైనున్నోళ్ళు చేస్తరు, పోరు కిందున్నోళ్ళు చేస్తరు. మీ పాట తిట్టాల్సింది యుద్ధాన్ని. దెబ్బ పోరు మీద పడ్డది.

తెనాలి మాష్టారు:
అమ్మా, సామెతలోని పోరు అది కాదు. ఇల్లాలి పోరు, సవతి పోరు, అప్పులవాళ్ళ పోరు అంటామే, ఆ రోజువారీ తగవు.

వరంగల్ చెల్లె:
సార్, సామెతల అర్థం నాకు తెల్సు. కానీ వినేటోళ్ళు సామెత వింటలేరు, యుద్ధం మీద పాట వింటున్నరు. పాటల పోరు అంటే యుద్ధమే అని మీరే అంటున్నరు కదా.

నేను:
చెల్లీ, దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఇది నాకు తట్టనే లేదు. మా ఇంట్లో పోరు అంటే అమ్మ పెట్టే పోరే, లేకపోతే పేపర్లో 'నేడే కీలక పోరు' అని క్రికెట్ వార్త.

తెనాలి మాష్టారు:
ఆమె మాటలో పస ఉంది, ఒప్పుకుంటున్నాను. అసలు యుద్ధానికి మనకున్న సంస్కృత పదాలు చూడండి. సమరం అంటే ఎదురుపడి కలుసుకోవడం. సంగ్రామంలో గ్రామం ఉంది, జనం గుంపులుగా ఒకచోట చేరడం. రణానికి వేదభాషలో సంతోషం అన్న అర్థం కూడా ఉంది. పేర్లు పెట్టినవాళ్ళు యుద్ధాన్ని ఎక్కడా తిట్టలేదు! తిట్టే పని తెలుగు సామెతే చేసింది, అదీ పోరు అన్న మాటతో. అందుకే దాన్ని వదులుకోవడం నాకు కష్టంగా ఉంది. అయినా ఒక ప్రాంతం గుండెల్లో పెట్టుకున్న మాట అని తెలిశాక, అసలు వినబడనట్టు పాడటం కూడా మర్యాద కాదు.

డాలస్ అన్నయ్య:
ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. నా ఓటు ఏ మాటా మార్చకుండా ఉంచడానికి. పిల్లలు 'లాభం పొందు' అని విన్నారా? విననివ్వండి. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాలన్నీ సైన్యం మీద పెట్టిన ఖర్చు సుమారు 2 లక్షల 72 వేల కోట్ల డాలర్లు. అంత డబ్బు ఎవరో ఒకరి దగ్గరికి చేరుతుంది కదా. ఊళ్ళకి పోరు నష్టం, ఆయుధాల కంపెనీకి 'పొందు లాభం'. రెండర్థాల పల్లవి దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి.

నేను:
అన్నయ్యా, నేను రాసినప్పుడు ఇంత తెలివి లేదు. ఇప్పుడు ఉందని చెప్పుకుంటే అబద్ధం. పైగా అందులో పెద్ద ఇబ్బంది ఒకటుంది. ఆ అర్థం ముందుకొస్తే రాజీ అన్న అర్థం మునిగిపోతుంది. అప్పుడు పాట వ్యంగ్యం అయిపోతుంది. నాకు వ్యంగ్యం వద్దు, తాతయ్య గొంతే కావాలి.

మా డ్రమ్మర్:
అందరూ మాటని తిడుతున్నారు, నాకు మాత్రం తప్పు ట్యూన్‌లో కనిపిస్తోంది. రికార్డింగ్ మళ్ళీ విన్నా. 'పోరు' కింది స్వరంలో మొదలవుతుంది. 'పొందు' దగ్గరికి వచ్చేసరికి వీడు పైకి లేచి కేక పెడతాడు. పైకి లేపి అరిస్తే ఏ మాటైనా ఆర్డర్ వేసినట్టే ఉంటుంది. 'కూర్చో!' అన్నట్టు 'పొందు!' రెండూ ఒకే స్వరం మీద పాడితే అవి జంట అని చెవికే తెలుస్తుంది. నష్టం తర్వాత గిటార్ ఆపేద్దాం, ఒక్క ఏడు ఖాళీగా వదిలేద్దాం, తర్వాత మెల్లగా 'పొందు లాభం'. ట్రై చేసి చెప్పండి.

నేను:
నిన్న రాత్రి చేశాం. కేక తీసేశాం. అందులోనే నా గొంతు బాగుందని అనుకునేవాణ్ణి, పోనీలెండి. మాష్టారి మాట పట్టుకుని పల్లవికి ముందు రెండు లైన్లు కూడా చేర్చాను. కృష్ణుణ్ణి కొలువులోనే కట్టేయబోయారు కదా, అది:

పొందు కోరిన దూత కోసం
తాడు పేనిన కొలువులోనే

ఇది విన్నాక పల్లవిలో పొందు ఏమిటో ఇక విప్పి చెప్పక్కర్లేదు అనుకుంటున్నాను. తమ్ముడి రూమ్మేటుకే మళ్ళీ వినిపించాను. "ఓ, కాంప్రమైజా?" అన్నాడు. ఈసారి ఫండ్ యాడ్ అనలేదు.

వరంగల్ చెల్లికి: పోరు అలాగే ఉంది. తీయలేకపోయాను, తాళం కోసమే కాదు, సామెత విరిగిపోతుంది. కానీ పల్లవి చివరిసారి వచ్చేటప్పుడు 'పోరు నష్టం' తీసేసి 'యుద్ధం వద్దు' అని నలుగురం కలిసి అరుస్తాం. డ్రమ్మర్ లెక్కలో అది తిరగబడిన ఏడు, బండి రోడ్డు దిగుతుంది. దిగనీ అనుకున్నాం.

వరంగల్ చెల్లె:
విన్న. ఆఖర్ల బాగుంది. మొదట్ల ఇంకా గుచ్చుకుంటనే ఉంది, కానీ మా దోస్తులకు పంపిన.

తెనాలి మాష్టారు:
'తాడు పేనిన' బాగుంది. మా మనవడికి పేనడం అంటే తెలియలేదు, అది వేరే చర్చ పెట్టుకుందాం.

విశాఖ అక్క:
అంతా బాగుంది గానీ, మూడో చరణంలో "ఊరి చివరన బూరెలెవరివి" అంటున్నారేంటి? యుద్ధంలో బూరెలెందుకు?

నేను:
అక్కా, అది బూడిదెవరిది.