పాత అటామిక్ 4 ఇంజన్ డిస్ట్రిబ్యూటర్‌కు కారు విడిభాగాలు వేయవచ్చా?

చెసపీక్ తెరచాప (చర్చ మొదలుపెట్టినవారు):

అమెరికాలోని చెసపీక్ అఖాతంలో మా కుటుంబానికి 1976 నాటి 30 అడుగుల తెరచాప పడవ ఉంది. దానిలోనిది యూనివర్సల్ కంపెనీ అటామిక్ 4 ఇంజన్. నాలుగు సిలిండర్లు, 30 హార్స్‌పవర్, పెట్రోలుతో నడుస్తుంది. ఈ ఇంజన్ల తయారీ 1980ల మధ్యలోనే ఆగిపోయింది. ఈ వేసవిలో మా ఇంజన్ వేడెక్కగానే తడబడి ఆగిపోతోంది. కాయిల్ నుంచి వచ్చే కరెంటును నాలుగు స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా పంచే డెల్కో డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూస్తే పాయింట్ల మీద గుంటలు, మూత లోపల పెన్సిలుతో గీసినట్టు సన్నని నల్లటి చార కనిపించాయి. మూత, దాని కింద తిరిగే రోటర్, పాయింట్లు, వాటి మధ్య రవ్వను తగ్గించే కండెన్సర్ నాలుగూ మార్చక తప్పదు. కారు విడిభాగాల దుకాణంలో ఇవి పడవల దుకాణం ధరలో సగానికే దొరుకుతున్నాయి, పక్కపక్కన పెట్టి చూసినా నాకు తేడా తెలియలేదు. కొనవచ్చా?

పాత అంబాసిడర్ మెకానిక్:

నిశ్చింతగా కొనండి. నేను విజయవాడలో పదిహేనేళ్లు అంబాసిడర్ కార్ల సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు మార్చినవాణ్ణి. పాయింట్ల పని విడిపోయి కాయిల్‌కు కరెంటు ఆపడం, అంతే. అవి రోడ్డు మీద తిరుగుతున్నాయా నీటి మీద తిరుగుతున్నాయా అన్నదానితో వాటికి పని లేదు. ఫీలర్ గేజ్‌తో 18 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు 0.46 మిల్లీమీటర్ల సందు పెట్టండి, రెండు ముఖాలూ చదునుగా కలుస్తున్నాయో లేదో చూడండి, పాయింట్లను విడదీసే క్యామ్ మీద కొద్దిగా గ్రీజు రాయండి. పెట్టె మీద పడవ బొమ్మ ఉన్నంత మాత్రాన రెట్టింపు డబ్బు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

బిల్జ్ కాపరి:

పాయింట్ల విషయంలో పై మిత్రునితో నాకు పేచీ లేదు. మూత విషయంలో మాత్రం గట్టిగా విభేదిస్తున్నాను, మొత్తం డిస్ట్రిబ్యూటర్‌నే కారుది వేయాలనుకున్నా నా మాట అదే, ఎందుకంటే ఇక్కడ ప్రశ్న ఇంజన్ నడుస్తుందా లేదా అన్నది కాదు, పడవకు నిప్పంటుకుంటుందా అన్నది.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. కారులో కారితే కింద రోడ్డు మీదికి పోతుంది, గాలి దాన్ని చెదరగొడుతుంది. పడవలో అది ఇంజన్ కింద బిల్జ్‌లో, అంటే పడవ అడుగు భాగంలో చేరి, మనం చూడకుండానే గంటల తరబడి అక్కడే కూర్చుంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల రోటర్ కొనకూ మూతలోని ఒక్కొక్క టెర్మినల్‌కూ మధ్య ఇంజన్ తిరిగినంతసేపూ నిప్పురవ్వ దూకుతూనే ఉంటుంది. దానికి ఊపిరాడే రంధ్రాలు అవసరమే, లేకపోతే రవ్వల వల్ల పుట్టే ఓజోను, తేమ లోపలే నిలిచి లోహాన్ని తినేస్తాయి. పడవల కోసం చేసిన డిస్ట్రిబ్యూటర్‌లో ఆ రంధ్రాలకు సన్నని లోహపు జాలీ ఉంటుంది. లోపలికి చేరిన ఆవిరి అంటుకున్నా ఆ మంట జాలీ దగ్గర చల్లబడి ఆరిపోవాలి, బయటి ఆవిరిని అంటించకూడదు. అమెరికా సముద్ర తీర రక్షక దళం నిబంధన కూడా ఇదే కోరుతుంది: పరికరం చుట్టూ గాలిలో 4.25 నుంచి 5.25 శాతం ప్రొపేన్ ఉన్నప్పుడు ఆ పరికరం దాన్ని అంటించకూడదు. కారు డిస్ట్రిబ్యూటర్‌ను ఎవరూ ఈ పరీక్షకు నిలబెట్టరు, అవసరమూ లేదు.

మూతకు మరో సమస్య ఉంది. చవక రకం కారు మూతల్లో చాలావాటికి టెర్మినళ్లు అల్యూమినియంవి. ఉప్పుగాలిలో వాటి మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. పడవ మూతకు ఇత్తడివి ఉంటాయి. మొత్తం డిస్ట్రిబ్యూటర్‌ను కారుది వేస్తే అడ్వాన్సు, అంటే రవ్వ ఎంత ముందుగా పడాలో సర్దే ఏర్పాటు కూడా మారిపోతుంది. కారు కోసం చేసిన దానికి సాధారణంగా ఇంజన్ పీల్పుతో పనిచేసే వాక్యూమ్ అడ్వాన్సు కూడా ఉంటుంది. పడవ ఇంజన్ గంటల కొద్దీ ఒకే వేగంతో, బరువు లాగుతూ నడుస్తుంది కాబట్టి దానికి సరిపడే, తిరిగే చిన్న బరువులతో పనిచేసే అడ్వాన్సు వేరు.

కాబట్టి పాయింట్లు, కండెన్సర్ కారు దుకాణంలో కొనండి. మూత, రోటర్ మాత్రం పడవల కోసం చేసినవి, ఒకే జతగా తీసుకోండి. రోటర్ కొన పొడవు మూతకు సరిపోకపోతే రవ్వ దూకాల్సిన దూరం పెరుగుతుంది.

కొత్త పడవ యజమాని:

ఇంత తర్జనభర్జన ఎందుకండి? పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టుకుంటే నిప్పురవ్వ ప్రమాదమే పోతుంది కదా?

బిల్జ్ కాపరి:

పోదండి. మాడ్యూల్ వల్ల పోయేది పాయింట్ల మధ్య రవ్వ మాత్రమే, రోటర్ దగ్గరి పెద్ద రవ్వ అలాగే ఉంటుంది, కాబట్టి జాలీ అవసరమూ అలాగే ఉంటుంది. మాడ్యూల్ మంచిదే, నా పడవలోనూ ఉంది. అయితే ఇంజన్ ఆపి తాళం తిప్పే ఉంచితే కొన్ని రకాలు మాడిపోతాయి. నాది ఒకసారి అలాగే మాడిపోయింది, తీరానికి రెండు మైళ్ల దూరంలో. పాత పాయింట్ల సెట్టు, ఫీలర్ గేజ్ పెట్టెలో ఉన్నాయి కాబట్టి చీకటి పడకముందే ఒడ్డు చేరాను.

పాత అంబాసిడర్ మెకానిక్:

జాలీ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. మూత విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క మాట మాత్రం చేరుస్తాను: ఏ భాగమూ కొనకముందు రోటర్ తీసి షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిలించి చూడండి. కదిలితే షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగినట్టే. అప్పుడు ఎంత ఖరీదైన పాయింట్లు పెట్టినా సందు నిలవదు. పాత పాయింట్లలో ఒకదాని మీద గుంట, రెండోదాని మీద మొటిమ ఉంటే కండెన్సర్ కెపాసిటీ ఉండాల్సినదాని కంటే ఎక్కువో తక్కువో ఉందని గుర్తు.

చెసపీక్ తెరచాప:

ఇప్పుడే చూశాను. షాఫ్టు స్పష్టంగా కదులుతోంది, పాయింట్లు ఎంతసేపు కలిసి ఉంటున్నాయో చూపే డ్వెల్ మీటరు ముల్లు కూడా ఒకచోట నిలవడం లేదు. ముందు డిస్ట్రిబ్యూటర్‌ను బుష్ మార్పించడానికి ఇస్తాను. దానిలో జాలీ ఉందో లేదో విప్పినప్పుడు ఫొటో తీసి ఇక్కడే పెడతాను.