స్లీవ్ అయ్యాక మజ్జిగ, కొబ్బరినీళ్లు నీళ్ల లెక్కలోకి వస్తాయా, రావా?

కృష్ణలంక కండక్టర్:

నాకు బరువు తగ్గే స్లీవ్ ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి 38 రోజులు. విజయవాడలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. డిశ్చార్జి కాగితంలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు తీసుకోమని రాశారు. వార్డులో సిస్టరు గారేమో "ద్రవాలంటే మంచినీళ్లే, మజ్జిగలూ అవీ తిండి కింద లెక్క" అన్నారు. తర్వాత ఫోన్లో డైటీషియన్ గారిని అడిగితే "అన్నీ కలిపేనండీ" అన్నారు. ఇంట్లో మా ఆవిడ డైటీషియన్ మాట పట్టుకుంది, మా అక్క సిస్టరు మాట పట్టుకుంది.

నిన్న నేను తాగింది ఇదీ. మంచినీళ్లు 650 మిల్లీలీటర్లు, పల్చటి మజ్జిగ 400, కొబ్బరినీళ్లు 200, పప్పుకట్టు చారు 150, టీ 100. మా ఆవిడ లెక్కలో లీటరున్నర నిండింది. మా అక్క లెక్కలో ముప్పావు లీటరు కూడా కాలేదు. సాయంత్రానికి తల దిమ్మెక్కుతోంది, కూర్చుని లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. బీపీ మాత్ర మాత్రం మానలేదు, పాతదే వేసుకుంటున్నాను. ఎవరి లెక్క ఒప్పో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు బిడ్డ:

అన్నా, మీ అక్క చెప్పిందే కరెక్టు. నాకు బరువు తగ్గే బైపాస్ ఆపరేషన్ (గుండెది కాదు, పొట్టది) అయ్యి నాలుగేండ్లు. మొదట్ల నేను గూడ అన్నీ నీళ్ల లెక్కలనే రాసుకున్న. కొబ్బరినీళ్లు, రాగిజావ, బత్తాయి రసం, రాత్రికి పాలు. రోజూ రెండు లీటర్లు దాటుతున్నదని మస్తు సంబురపడ్డ. పది నెలలకు బరువు తగ్గుడు ఆగింది. అప్పుడు కూసొని లెక్కేస్తే, నేను తాగినవన్నీ తిండే.

ఇంకో ముచ్చట. ఒకనాడు ఎండల తిరిగొచ్చి గ్లాసెడు బత్తాయి రసం గటగట తాగిన. పావుగంటకు గుండె దడ, ఒళ్లంత చెమట, కడుపుల తిప్పుడు. దాన్ని డంపింగ్ అంటరని డాక్టర్ చెప్పిండు. బైపాస్‌ల పొట్ట సంచి కోడిగుడ్డంత గూడ ఉండది. తియ్యటిది ఆడ ఆగకుంట సీదా పేగులకు జారుతది. దాన్ని పల్చగ చేసుకోనీకి పేగు నెత్తుర్లకెల్లి నీళ్లు గుంజుకుంటదట. దూప తీరాలని తాగిన రసమే నా ఒంట్ల నీళ్లను గుంజింది. గందుకే అంటున్న, లెక్క మంచినీళ్లకే పెట్టాలె. మిగిలినయి తాగు, కని రాసుకోకు. ఇయ్యాల మజ్జిగ లెక్కలకొస్తే రేపు లస్సీ వస్తది, ఎల్లుండి జ్యూసొస్తది.

తెనాలి లక్ష్మి:

తమ్ముడూ, నీది బైపాస్, నాలుగేళ్ల మాట. ఆయనది స్లీవ్, ఇంకా ఆరో వారం. రెండూ ఒకటి కావు.

నాకు మొదటి రెండు నెలలు మంచినీళ్లు దిగేవి కావు. గుక్క మింగితే రొమ్ముల మధ్య రాయి పెట్టినట్టు ఉండేది. నీళ్లు నోట్లో పోసుకుంటే ఇనుప రుచి. నాకూ ఎవరో మంచినీళ్లే లెక్క అని గట్టిగా చెప్పారు. అదే పట్టుకుని కూర్చున్నాను. అవి దిగవు, వేరేవి తాగితే లెక్కకు రావు కదా అని అవీ మానేశాను. మూడో వారానికి మూత్రం కషాయం రంగుకు వచ్చింది. మళ్లీ ఆస్పత్రిలో చేరి రెండు రోజులు సెలైన్ ఎక్కించుకున్నాను.

ఇంటికొచ్చాక మా అత్తగారు ఒక పని చేశారు. మజ్జిగ చిలికి, బాగా నీళ్లు కలిపి, చెంబులో కదపకుండా ఉంచి, పైకి తేరిన తేట మాత్రం ఒంపేవారు. అందులో నిమ్మాకు నలిపి వేసి, చిటికెడు ఉప్పు వేసి, కాసేపయ్యాక ఆకు తీసేసి ఇచ్చేవారు. చెంచాతో తాగేదాన్ని. అది దిగింది. రోజుకు లీటరు దాకా ఆ తేటే తాగాను. అది నీళ్లు కాదంటే, నన్ను మళ్లీ ఆస్పత్రి మెట్లెక్కకుండా కాపాడింది ఏమిటి?

పోషణ పద్మజ:

కండక్టర్ గారూ, నేను డైటీషియన్‌ని. మజ్జిగ సంగతి తర్వాత. ముందు మీ బీపీ మాత్ర అట్ట తీసి పేరు చదవండి. అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ గానీ, క్లోర్‌థాలిడోన్ గానీ ఉంటే అది మూత్రం ద్వారా ఉప్పునూ నీళ్లనూ బయటికి పంపే మందు. బరువు తగ్గుతుంటే బీపీ కూడా తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందున్న మోతాదు ఇప్పుడు మీకు ఎక్కువ అవుతుండవచ్చు. లేస్తే కళ్లు తిరగడం దాని వల్ల కావచ్చు. సొంతంగా మానేయకండి, కానీ ఇవాళే డాక్టరుకు ఫోన్ చేయండి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడేవారికీ ఇదే మాట. అదీ నీళ్లు లాగేదే.

ఇక లెక్క సంగతి. మామూలు మనిషికి రోజూ కావలసిన నీళ్లలో కొంత భాగం తిండి నుంచే వస్తుంది. వండిన అన్నంలో మూడింట రెండొంతులు నీళ్లే. పప్పు, చారు, పెరుగు సరేసరి. మీరిప్పుడు నాలుగు చెంచాలు తింటున్నారు, కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. పైగా స్లీవ్‌లో పొట్ట ముప్పావు భాగానికి పైగా తీసేస్తారు. మిగిలింది 100 నుంచి 150 మిల్లీలీటర్ల గొట్టం. దాంట్లో ఒకేసారి గ్లాసుడు పట్టదు. మెలకువగా ఉండే 15 గంటల్లో గంటకు 100 చొప్పున చప్పరిస్తేనే లీటరున్నర అవుతుంది. అదే గొట్టంలో రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు కూడా పట్టాలి. లీటరున్నరా మంచినీళ్లే కావాలంటే పప్పుకట్టుకీ మజ్జిగకీ చోటెక్కడ? అందుకే నేను అన్నీ కలిపే లెక్కేయమంటాను.

ఓరుగల్లు తమ్ముడి భయం మాత్రం నిజమైనదే. నా దగ్గరికొచ్చేవారికి నేను చెప్పే గుర్తు ఒకటుంది. గ్లాసు వంచితే నీళ్లలా జారాలి, చక్కెర కలిపి ఉండకూడదు. మజ్జిగ, చారు, బార్లీ నీళ్లు సరే. రాగిజావ, పళ్లరసం, లస్సీ ఆ లెక్కలో రావు. కొబ్బరినీళ్లు మధ్యలో ఉంటాయి. తీపి కొంతే ఉన్నా పొటాషియం బాగా ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారూ, టెల్మిసార్టన్, స్పైరోనోలాక్టోన్ లాంటి, ఒంట్లో పొటాషియం పెంచే మాత్రలు వాడేవారూ డాక్టరును అడగకుండా రోజూ బోండం తాగకూడదు.

పల్నాడు ఎండ:

పద్మజ గారూ, మాది రెంటచింతల పక్కన. ఇక్కడ వేసవిలో గంటకు 100 ఏ మూలకూ చాలదండీ, మిరప కల్లంలో నిలబడితే అంత చెమటగానే పోతుంది. రెండు ప్రశ్నలు. ఒకటి, తిన్నాక అరగంట దాకా ఏమీ తాగొద్దని ఆస్పత్రిలో అన్నారు, మరి పల్చటి మజ్జిగన్నం తింటే తిన్నట్టా, తాగినట్టా? రెండు, మెడికల్ షాపులో డబ్బా ఓఆర్‌ఎస్ తాగొచ్చా?

పోషణ పద్మజ:

మజ్జిగన్నం తిన్నట్టే లెక్కండీ. మొదటి నెలల్లో పెరుగన్నం కాస్త గట్టిగా తిని, మజ్జిగ వేరుగా అరగంట ఆగి తాగండి. ఆ అరగంట నియమం వెనక పెద్ద పరిశోధనలేమీ లేవు, అది అనుభవం మీద వచ్చింది. చిన్న పొట్టలో రెండూ ఒకేసారి పడితే నొప్పో వాంతో వస్తుంది. ఎండలో పనిచేసేవారికి గంటకు 100 అనేది సరిపోదు, మీరన్నది నిజం. మొదటి నెలల్లో కల్లం పని ఉదయానికీ సాయంత్రానికీ మార్చుకోగలిగితే మార్చుకోండి.

ఓఆర్‌ఎస్ అంటే పొడి ప్యాకెట్టే కొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన కొన్ని డబ్బా పానీయాల్లో చక్కెర దీనికి ఎన్నో రెట్లుండేది. ఆ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాటే ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దానికోసం ఏళ్ల తరబడి పోరాడారు. ఆవిడకు మనందరం రుణపడి ఉన్నాం. ప్యాకెట్టు కూడా చెమట బాగా పోసిన రోజునో, విరేచనాలైన రోజునో చాలు. అందులో ఉప్పుంది కాబట్టి బీపీ ఉన్నవారు రోజూ తాగేది కాదు.

కర్నూలు అన్న:

లెక్కలు సరే. నీళ్లు అసలే నిలవకపోతే ఏం చేయాలో ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను.

మా తమ్ముడికి ఆపరేషన్ అయిన నెలన్నరకు వాంతులు పట్టుకున్నాయి. ఆపరేషన్ చేసిన ఊరు దూరం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులు గ్లూకోజు బాటిళ్లు పెట్టించాం. నీళ్లు పోతున్నాయి, నీళ్లు ఎక్కుతున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాం. నాలుగో రోజు వానికి ఒక మనిషి ఇద్దరుగా కనపడసాగె. నడిస్తే తూలసాగె, మాట తడబడసాగె. పెద్దాసుపత్రికి తీసుకపోతే విటమిన్ బీ1, అదే థయమిన్, అడుగంటిందన్నారు. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదంట. గ్లూకోజును ఖర్చు పెట్టాలంటే ఆ విటమిన్ కావాల. అది లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా అయిపోయి మెదడుకు దెబ్బ తగులుతుంది. ఇంజెక్షన్లు ఇచ్చి ప్రాణం కాపాడినారు. ఏడాదైంది, ఇప్పటికీ వాడు గోడ పట్టుకునే మెట్లు దిగుతాడు.

ఒక రోజంతా ఏం తాగినా నిలవకపోతే ఆపరేషన్ చేసిన చోటికే పోండి. పోలేకపోతే ఫోన్ అయినా చేయండి. డ్రిప్ పెట్టేవారికి ఫలానా ఆపరేషన్ అయిందని ముందే చెప్పి, థయమిన్ ఇచ్చినాకనే గ్లూకోజు పెట్టమనండి. మాకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేకపోయినారు.

ఓరుగల్లు బిడ్డ:

అన్నా, సదువుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయి. తమ్ముడు మంచిగ కావాలె.

లక్ష్మక్కా, మొదటి రెండు మూడు నెలలకు నీ తేట ముచ్చట ఒప్పుకుంట. నీళ్లే దిగనోనికి నీళ్లే తాగుమనుడు తప్పే. కని ఏడాది దాటినంక మాత్రం నా మాట మార్చుకోను. నిరుడు నాకు కిడ్నీల రాయొచ్చింది. బైపాస్ అయినోళ్లకు ఆక్సలేటు రాళ్లు ఎక్కువస్తయట, మూత్రం పల్చగ ఉంటేనే కాపాడుకోవచ్చట. అప్పటిసంది రెండు లీటర్ల మంచినీళ్లు, మజ్జిగ దానికి అదనం.

తెనాలి లక్ష్మి:

సరే తమ్ముడూ, అక్కడికి నేనూ వస్తాను. కానీ ఎంత తాగాలో తెలిసినా తాగలేని వాళ్లున్నారు, వాళ్ల సంగతి కూడా చూడండి. నేను టీచర్ని. నేను పనిచేసిన ఒక బడిలో ఆడవాళ్లకు వాడుకోదగ్గ మరుగుదొడ్డి లేదు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా మేమంతా కావాలనే నీళ్లు తాగేవాళ్లం కాదు. మామూలు మనిషైతే ఇంటికొచ్చి చెంబెడు తాగి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఈ ఆపరేషన్ అయిన మాకు ఆ వీల్లేదు, పోయిన గంట పోయినట్టే. ఆపరేషన్‌కు ముందు బీపీ, షుగరు, గుండె అన్నీ పరీక్షించారు. పనిచేసే చోట నీళ్లు తాగే వీలుందా అని ఒక్కరూ అడగలేదు. నేను సెలవు మరో నెల పొడిగించుకున్నాను. అది కుదరని వాళ్లు ఏం చేయాలి?

కృష్ణలంక కండక్టర్:

అందరికీ దండాలు. పద్మజ గారూ, మాత్ర అట్ట మీద మీరు చెప్పిన హైడ్రోక్లోరోథయాజైడే ఉంది. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే డాక్టరు గారు రమ్మని, బీపీ చూసి, ఆ మందు లేని మాత్ర తక్కువ మోతాదులో రాశారు. నాలుగు రోజులైంది. లేస్తే కళ్లు తిరగడం లేదు, తల దిమ్ము కూడా బాగా తగ్గింది. కొబ్బరినీళ్లు రెండు రోజులకోసారి చాలన్నారు. కర్నూలు అన్నగారు రాసింది మా ఆవిడ చేత కాగితం మీద రాయించి ఆస్పత్రి ఫైల్లో పెట్టాను.

ఇంట్లో పుస్తకంలో ఇప్పుడు రెండు వరుసలు గీశాం. నిన్న మంచినీళ్లు 950, మిగతావి 650. మా అక్క మొదటి వరుసే చూస్తుంది, మా ఆవిడ మొత్తం చూస్తుంది. చల్లటివి పట్టేస్తున్నాయి, గోరువెచ్చటివే దిగుతున్నాయి.

వచ్చే సోమవారం నుంచి డ్యూటీ, గుంటూరు సర్వీసు. లక్ష్మి గారు రాసింది చదివినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. టికెట్లు కొడుతూ, మాట్లాడుతూ గుక్క వేస్తే పొలమారుతోంది. బస్టాండులో ఆగే పది నిమిషాల్లో ఎంతని తాగను? డ్రైవర్లు, కండక్టర్లు, నిలబడి పనిచేసేవాళ్లు ఈ ఆపరేషన్ అయినవారు ఎవరైనా ఉంటే, మొదటి నెల డ్యూటీలో నీళ్ల సంగతి ఎలా నెట్టుకొచ్చారో రాయండి.