"నీళ్లొచ్చినప్పుడు" అంటే ఎప్పుడు?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. గుంటూరులో పరిశోధన చేస్తూ, ఆ ముంపు గురించి పత్రికలు ఏం రాశాయో, జనం ఏం చెప్పుకున్నారో కంప్యూటర్‌తో మాటలు లెక్కపెట్టించి చూస్తున్నాను. "వరద" దగ్గర ఆగిపోయాను.

పత్రికల్లో ఆ మాట వెతికితే "పరుగుల వరద", "హామీల వరద" కూడా లెక్కలోకొచ్చాయి. వరాలిచ్చే "వరద హస్తం" సరేసరి, అది సంస్కృతం నుంచి వచ్చిన వేరే మాట. వీటిని పక్క మాటలు చూసి ఏరెయ్యొచ్చు.

నా బాధ రెండోది. పక్కింటి పిన్నిగారు అరగంట మాట్లాడితే రికార్డు చేసి టైపు చేశాను. "నీళ్లొచ్చినప్పుడు బియ్యం డబ్బా మంచమ్మీద పెట్టామమ్మా, మంచమే తేలింది" అన్నారు. మొత్తం మాటల్లో "వరద" ఒక్కసారీ లేదు. నా లెక్క ప్రకారం ఆవిడ ఇల్లు మునగనే లేదు! పోనీ "నీళ్లు" చేరుద్దామంటే, "తాగడానికి నీళ్లు లేవు" అన్నదీ అందులోనే పడుతోంది.

— అమ్మా, మామూలు రోజుల్లో "నీళ్లొచ్చాయి" అంటే కుళాయి వచ్చిందనేగా. "నీళ్లొచ్చినప్పుడు" అంటే మాత్రం ఆ ఊరికి గుర్తున్న ఒక రోజు. దివిసీమలో 1977 నాటి సంగతి చెప్పేటప్పుడు "ఉప్పెనప్పుడు" అంటే చాలు, ఏ ఉప్పెనా అని ఎవరూ అడగరు. ఆ "అప్పుడు"ను వదలొద్దు.

— పైన మాస్టారు చెప్పింది నిజం. హార్వర్డ్‌లో ఫిలిప్ స్టోన్ బృందం చేసిన జనరల్ ఇంక్వైరర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం మీద 1966లోనే పుస్తకం వచ్చింది. మాటల్ని పట్టికతో పోల్చి వర్గాల్లో వేసే పద్ధతి అది. పక్క మాటలను బట్టి అర్థం తేల్చే నియమాలూ దానికి చేర్చారు. కానీ ఇంగ్లీషులో మాటలు విడివిడిగా ఉంటాయి, మనవి అతుక్కుంటాయి. నీరు, నీటికి, నీళ్లొచ్చాయి: కంప్యూటర్‌కు మూడూ వేర్వేరు. "నీళ్లు" అని ఒకరు, "నీళ్ళు" అని ఒకరు రాస్తే అవీ రెండే. ముందు ఇవి కలపండి. తర్వాత కొన్ని పేజీలు ఇద్దరు విడివిడిగా చదివి ఏ మాట ముంపు గురించో గుర్తులు పెట్టండి. వాళ్లిద్దరికీ కుదరని చోట కంప్యూటర్‌కూ కుదరదు.

— ధన్యవాదాలు మాస్టారూ, ధన్యవాదాలండీ. "నీళ్లొచ్చినప్పుడు"ను విడి వర్గంగా పెట్టి రాత్రి అంతా మళ్లీ చదివాను. మా వీధిలో కొందరు "బుడమేరొచ్చినప్పుడు" అంటున్నారు. అదీ చేర్చాను.