సర్‌చార్జి, సెస్సు, సర్వీస్ చార్జి: మీరు ఎక్కడెక్కడ కట్టారు? ఏది అడిగితే తీసేస్తారు?

కొత్తపేట కుర్రాడు
నాన్న కార్డు స్టేట్‌మెంట్ చూస్తుంటే పెట్రోల్ దగ్గర సర్‌చార్జి, రైలు టికెట్ దగ్గర కన్వీనియన్స్ ఫీజు కనిపించాయి. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జి వేరే. ఇవన్నీ ఒకటేనా? సెస్సు అంటే మళ్లీ ఇంకోటా? వీటిలో ఏది తప్పనిసరి, ఏది అడిగితే తీసేస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

బిర్యానీ బాబాయ్
హోటల్‌ది తప్పనిసరి కాదు తమ్ముడూ, అది మాత్రం గట్టిగా పట్టుకో. 2022 జులైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది: మనల్ని అడక్కుండా బిల్లులో సర్వీస్ చార్జి కలపకూడదు, వేరే పేరు పెట్టి కూడా వేయకూడదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. హోటళ్ల సంఘాలు అప్పీలుకు వెళ్లాయి, అది వేరే కథ.
మొన్న హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌కి కుటుంబంతో వెళ్లాం. బిల్లు కింద చిన్న అక్షరాల్లో ‘ఎస్.సి. 10%’ అని ఉంది. దాన్ని కలిపాక వచ్చిన మొత్తం మీద మళ్లీ జీఎస్టీ లెక్కేశారు! మేనేజర్ ‘మా పాలసీ సార్’ అన్నాడు. ఫోన్ తీసి 1915కి డయల్ చేస్తున్నాను అని చూపించాను. రెండు నిమిషాల్లో కొత్త బిల్లు తెచ్చిచ్చాడు. మా ఆవిడ మొహమాటపడింది కానీ, మన డబ్బు మనం అడగడానికి మొహమాటం ఏమిటండీ?

బంకు బాధితుడు
పెట్రోల్ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. క్రెడిట్ కార్డు మీద 1 శాతం సర్‌చార్జి, దాని మీద 18 శాతం జీఎస్టీ. 2000కి కొట్టిస్తే 20 రూపాయలు, పైన 3.60. ‘సర్‌చార్జి మాఫీ’ అని కార్డు అమ్మేటప్పుడు ఊదరగొడతారు. ఆ 20 వెనక్కి వేస్తారు, 3.60 మాత్రం చాలా బ్యాంకులు వేయవు. ఆ మాఫీ కూడా మామూలుగా 400 నుంచి 5000 మధ్య బిల్లుకే. నేను 300కి బైకులో కొట్టించి ప్రతిసారీ కడుతూనే ఉన్నాను. యూపీఐతో కట్టు, ఏ గొడవా లేదు.

సికింద్రాబాద్ ప్యాసింజర్
అన్నిటికన్నా అన్యాయం రైల్వే సూపర్‌ఫాస్ట్ చార్జి. పేరే సూపర్‌ఫాస్ట్, రాత్రంతా స్టేషన్ బయట ఔటర్‌లో నిలబెడతారు. స్లీపర్‌కి 30, థర్డ్ ఏసీకి 45 ముందే తీసేసుకుంటారు. వేగం ఇవ్వనప్పుడు డబ్బు తిరిగి ఇవ్వాలి కదా?

పట్టాల మనిషి
మీరు పొరపడుతున్నారు. బ్రాడ్‌గేజ్ మీద సగటు వేగం గంటకు 55 కిలోమీటర్లు, ఆ పైన ఉండేలా టైంటేబుల్ వేస్తే ఆ బండి సూపర్‌ఫాస్ట్. రైలు నంబరు 12, 20, 22తో మొదలైతే చాలు, టికెట్ తీసేముందే మీకు తెలుస్తుంది. ఒక రోజు లేటైతే కేటగిరీ మారదు. నేను రైళ్లు నడిపించే ఆపరేటింగ్ విభాగంలో పనిచేసినవాణ్ని, ఊరికే చెప్పట్లేదు.

సికింద్రాబాద్ ప్యాసింజర్
ఒక రోజా? ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చదివారా? మన దక్షిణ మధ్య రైల్వే, ఉత్తర మధ్య రైల్వేల్లో 2013-14 నుంచి 2015-16 దాకా సూపర్‌ఫాస్ట్ వేగం అందుకోని రైళ్లలో ఈ చార్జి కింద 11 కోట్లకు పైగా వసూలు చేశారని కాగ్ తప్పుపట్టింది. మీ ఆపరేటింగ్ వాళ్లు దానికేం చెప్తారు?

పట్టాల మనిషి
కాగ్ వాళ్లకి గూడ్స్ ఒత్తిడి, లైన్ బ్లాకులు ఏం తెలుసు? మూడు గంటల పైన లేటైతే ఎక్కకుండా, బండి బయలుదేరేలోపు టీడీఆర్ (డబ్బు వాపసు అర్జీ) వేస్తే పూర్తి డబ్బు ఇస్తారు. ఆ వెసులుబాటు వాడుకోరు, ఇక్కడ కూర్చుని తిడతారు.

సికింద్రాబాద్ ప్యాసింజర్
ఎక్కకుండా ఎలాగండీ? మేనకోడలి పెళ్లికి వెళ్తున్నవాణ్ని టీడీఆర్ వేసుకుని ఇంటికి పొమ్మంటారా? ఎక్కినవాడికి ఆ 45 ఎందుకు ఇవ్వరు అన్నదే నా ప్రశ్న. దానికి జవాబు చెప్పండి.

సహకార ఆడిట్ (రిటైర్డ్)
సర్‌చార్జి అంటే అదనపు రుసుం అని తేల్చేశారు అందరూ. సర్వీసంతా సహకార శాఖలో ఆడిట్ చేసినవాణ్ని, మా దగ్గర దాని అర్థమే వేరు. 1964 సహకార సంఘాల చట్టం సెక్షన్ 60 తీసి చూడండి. సంఘం డబ్బు దుర్వినియోగం చేసిన సెక్రటరీ, పాలకవర్గం నుంచి ఆ సొమ్ము రాబట్టే ప్రక్రియ పేరే సర్‌చార్జి. 51 కింద ఎంక్వైరీ, తర్వాత 60 కింద ఆర్డర్. ఎరువుల స్టాకు పుస్తకంలో ఉండి గోడౌన్‌లో లేకపోతే, ఆ తేడా సెక్రటరీ జేబులోంచి కట్టాల్సిందే. ‘ఫలానా సెక్రటరీ మీద సర్‌చార్జి పడింది’ అంటే ఊళ్లో తలెత్తుకోలేడు.

బంకు బాధితుడు
సార్, కుర్రాడు అడిగింది బిల్లుల గురించి. గోడౌన్ ఎందుకు మధ్యలో?

సహకార ఆడిట్ (రిటైర్డ్)
సర్‌చార్జి అంటే ఏమిటో అడిగితే సగమే చెప్పి వదిలేయమంటారా? పల్లెల్లో వేలమంది రైతుల డబ్బు ఆ సెక్షన్ వల్లే వెనక్కి వచ్చింది. తెలియనప్పుడు వినండి.

డాలస్ తెలుగమ్మాయి
ఇక్కడ హోటల్ బుక్ చేస్తే ఒక రేటు చూపించి చివర్లో రిసార్ట్ ఫీజు కలిపేవాళ్లు. 2025 మే నుంచి హోటల్ గదులకీ, షో టికెట్లకీ తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధర మొదటే చూపించాలని ఫెడరల్ నిబంధన వచ్చింది. మన దగ్గర సినిమా టికెట్ యాప్‌లకి కూడా ఇలాంటిది రావాలి.

లెక్కల మాస్టారు
సెస్సు గురించి ఎవరూ చెప్పలేదు. ఆదాయ పన్నులో రెండూ ఉంటాయి. ఆదాయం 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి. ఆదాయం మీద కాదు, పన్ను మీద! చాలామంది ఇక్కడే కంగారుపడతారు. పన్ను, సర్‌చార్జి కలిపి దాని మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు. సెస్సు ఒక ఫలానా పనికని చెప్పి వేసేది, సర్‌చార్జి ప్రభుత్వం దేనికైనా వాడుకోవచ్చు. రెండిట్లోనూ రాష్ట్రాలకి వాటా లేదు. ఆర్థిక సంఘం చెప్పిన పంపకం వీటికి వర్తించదు. అందుకే ఢిల్లీకి ఇవంటే అంత ఇష్టం.

తూర్పు గాలి
ఇక్కడా రాజకీయమేనా మాస్టారూ? రాష్ట్రాలు తక్కువ తిన్నాయా? మా ఆంధ్రలో కరెంటు బిల్లు చూడండి. ఇంధన సర్దుబాటు చార్జి యూనిట్‌కి 40 పైసల దాకా విద్యుత్ నియంత్రణ కమిషన్‌ని ముందు అడక్కుండానే నెలనెలా వేసుకోవచ్చు. అది చాలదని ఏడాది చివర్లో మిగిలిన తేడా వేరుగా. 2022-23లో కాల్చిన కరెంటుకి 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలుపెట్టారు. బాదుడు సర్వీసు నంబరు మీద పడుతుంది కాబట్టి, అప్పుడు అద్దెకున్నవాళ్లు వాడుకుని వెళ్లిపోయారు, నేను కట్టాల్సి వచ్చింది. ఓనర్‌ని అడిగితే ‘మీటరు మీ వాటాది కదమ్మా’ అన్నాడు.

లెక్కల మాస్టారు
రాజకీయం కాదమ్మా, రాజ్యాంగం 270, 271 అధికరణాలు. చదివి మాట్లాడండి.

తూర్పు గాలి
అధికరణాలు చదివితే నా బిల్లు తగ్గుతుందా? అద్దెవాళ్లు ఏం చేయాలో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

మీటర్ రాజు
అక్కా, అద్దెకి దిగేటప్పుడు పాత బాకీ గురించి అగ్రిమెంట్‌లో ఒక ముక్క రాయించుకోవడం తప్ప వేరే దారి లేదు. ఇంకో మాట, ఏసీడీ (కరెంటు వాడకం మీద అదనపు డిపాజిట్) నోటీసు వస్తే దాన్ని వీటితో కలపకండి. అది డిపాజిట్, దాని మీద ఏటా వడ్డీ బిల్లులో జమ చేయాలి. ఆ డిపాజిట్ ఓనర్ పేరు మీద ఉంటుంది, అద్దెవాళ్లు కడితే రసీదు దాచుకుని అడ్వాన్సులో తగ్గించమని అడగండి. మా లైన్‌లో ఇద్దరు అలాగే తగ్గించుకున్నారు.

సికింద్రాబాద్ ప్యాసింజర్
పట్టాల మనిషి గారూ, ఆ 45 రూపాయల సంగతి ఇంకా చెప్పలేదు మీరు.