పొద్దున్నే కారు పావుగంట ఆన్‌లో ఉంచాలా? తేల్చి చెప్పండి

చక్రపొంగలి:
మినియాపొలిస్ దగ్గర ఉంటాం. జనవరి వచ్చిందంటే మా ఆయన ఏడున్నరకి బయల్దేరడానికి ఏడుంబావుకే రిమోట్ స్టార్ట్ నొక్కేస్తారు. పది నిమిషాలకి అదే ఆగిపోతుంది, మళ్ళీ నొక్కుతారు. "ఇంజిన్ వేడెక్కకుండా నడిపితే అరిగిపోతుంది" అని ఆయన వాదన. గ్యాస్ (పెట్రోల్) దండగ అని నాది. 2019 మోడల్, నాలుగు సిలిండర్ల టర్బో. ఎవరిది కరెక్టు? ఇది ఆయనకి చూపిస్తాను, కాస్త మర్యాదగా రాయండి.

ఓబీడీ_రీడర్:
మీదే కరెక్టండీ. స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) 1200 నుంచి 1500 మధ్య ఉంటుంది. అర నిమిషం ఆగి, అది దిగడం మొదలయ్యాక బయల్దేరొచ్చు. మొదటి ఐదారు నిమిషాలు 2500 దాటనివ్వకూడదు, అంతే. అమెరికా ఇంధన శాఖ చెప్పేదీ ముప్పై సెకన్లే.

ఊరికే నిలబెట్టి ఆన్‌లో ఉంచితే జరిగేది ఇది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటర్ గ్యాస్ ఎక్కువ కొడుతుంది. అదంతా ఆవిరవదు. సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరని కడిగేస్తూ, రింగుల సందుల్లోంచి దిగి, కింద ఆయిల్లో కలుస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ (గ్యాస్ నేరుగా సిలిండర్లోకే కొట్టే) టర్బోల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడమనండి. పోసినదానికన్నా లెవెల్ పెరిగి, గ్యాస్ వాసన కొడుతుంటే సంగతి అర్థమైనట్టే. పైగా నిలబడ్డ బండిలో గేర్‌బాక్స్ ఆయిల్ అంతంతమాత్రంగానే వేడెక్కుతుంది, వీల్ బేరింగులూ షాక్ అబ్జార్బర్లూ అసలు వేడెక్కవు. అవి నడిస్తేనే దారికొస్తాయి.

పాతబండి:
ముప్పై సెకన్లు అని రాసేవాళ్ళు టెక్సాస్‌లో కూర్చుని రాస్తారు. మైనస్ 20 ఫారన్‌హీట్‌లో 5డబ్ల్యూ-30 ఆయిల్ ఆముదంలా ఉంటుంది. స్టీరింగ్ మూలుగుతుంది, గేరు ఆలస్యంగా పడుతుంది. అలాంటి బండిని రోడ్డెక్కించి 2500 దాటకు అంటే ఫ్రీవే మీద వెనకవాడు ఊరుకుంటాడా? పదిహేను నిమిషాలు ఉంచాల్సిందే. మేడమ్, మీ వారిది కరెక్టు.

ఓబీడీ_రీడర్:
నేను రాస్తున్నది మినియాపొలిస్‌కి ఉత్తరాన ఉన్న డులూత్ నుంచి. ఆముదంలా ఉంటే ఆయిల్ మార్చుకోవాలి గానీ పదిహేను నిమిషాలు పొగ పెట్టడం దేనికి? మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 పోయమని ఉంటే అదే పోయాలి. ఆ ముందున్న అంకె చలిలో ఎంత పలచగా పారుతుందో చెప్పేదే.

మైనస్ 20 రోజూ వచ్చే చోటైతే బ్లాక్ హీటర్ (ఇంజిన్‌ని కరెంటుతో వేడి చేసేది) పెట్టించుకోండి. మామూలుగా 400 వాట్లకి పైన ఉంటాయి. రాత్రంతా ప్లగ్‌లో ఉంచక్కర్లేదు, బయట వాడే టైమర్‌తో బయల్దేరే ముందు రెండు మూడు గంటలు ఆన్ అయితే చాలు. వైరు మటుకు మూడు పిన్నులది, బయట వాడకానికి తగ్గ మందంతో ఉండాలి. ఇంట్లో దీపావళి లైట్లకి వాడిన సన్న వైరు తగిలిస్తే ప్లగ్గు కరుగుతుంది.

నెయ్యిదోశ:
నిలబడ్డ కారు గంటకి 0.2 నుంచి 0.5 గ్యాలన్ తాగుతుంది. పావుగంటకి గట్టిగా వేసుకున్నా గ్యాలన్‌లో ఎనిమిదో వంతు. అర డాలరు కూడా కాదు. ఇంతోటిదానికి సంసారంలో గొడవా మేడమ్?

ఉత్తరగాలి:
మీ లెక్క వేడెక్కిన ఇంజిన్‌ది. చల్లటి ఇంజిన్‌కి ఎక్కువ పడుతుంది.

నెయ్యిదోశ:
సరే, రెట్టింపు వేసుకోండి. డాలరు.

ఉత్తరగాలి:
రెట్టింపు అని ఎవరు చెప్పారు? రిమోట్ స్టార్ట్‌లో ఫ్యాను ఫుల్లు, సీటు హీటరు, వెనక అద్దం హీటరు అన్నీ ఒక్కసారే ఆన్ అవుతాయి. ఆల్టర్నేటర్ లోడు కూడా కలపాలి.

నెయ్యిదోశ:
కలపండి బాబూ కలపండి.

కరీంనగర్_పోరడు:
అన్నా, గీ ఇంజిన్ ముచ్చట జర పక్కకు వెట్టుండ్రి. అద్దం మీద గడ్డకట్టిన మంచు సంగతేంది? మా రూమ్మేటు కెటిల్ల నీళ్ళు కాగవెట్టి పోస్తడు, ఐదు సెకన్లల సాఫ్. తప్పా?

ఓబీడీ_రీడర్:
ఇవాళే మాన్పించండి. అద్దం మీద చిన్న రాయి దెబ్బ ఉన్నా చాలు, వేడినీళ్ళు పడగానే అక్కణ్ణుంచి చీలిక సాగుతుంది. కారిన నీళ్ళు వైపర్ కిందా తలుపు రబ్బరు మీదా మళ్ళీ గడ్డకడతాయి.

ఇంట్లో చేసుకునే మందు: 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు, గిన్నెలు కడిగే లిక్విడ్ నాలుగు చుక్కలు. స్ప్రే బాటిల్లో పోసి అద్దం పైఅంచు నుంచి కొట్టండి, రెండు నిమిషాలు ఆగండి, తర్వాత ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. పాత క్రెడిట్ కార్డు, అట్లకాడ వద్దు. ఉన్న మంచు మీద వెనిగర్ పోసినా పెద్దగా ఉపయోగం లేదు. తలుపు రబ్బరుకి సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి రాస్తే అంటుకోదు.

లోపలి ఆవిరి వేరే కథ. దానికి వేడిగాలితో పాటు ఏసీ కూడా వెయ్యాలి, రీసర్క్యులేషన్ (లోపలి గాలే తిరిగేలా చేసే బటన్) తీసెయ్యాలి. మరీ గడ్డకట్టే చలి కాకపోతే ఏసీ గాల్లోని తడిని లాగేస్తుంది. బూట్లతో వచ్చిన మంచు మ్యాట్ల కింద నానుతుంటే మాత్రం ఎంత ఊదినా అద్దం మసకే.

కరీంనగర్_పోరడు:
అట్లకాడ అని మీకెట్ల తెల్సింది అన్నా 😂

పాతబండి:
చూశారా, తిరిగి తిరిగి నా దారికే వచ్చారు. ముప్పై సెకన్లకి డిఫ్రాస్టర్‌లోంచి వచ్చేది చల్లగాలి. రూపాయి బిళ్ళంత కన్నం గీకి అందులోంచి చూస్తూ నడిపితే పోలీసు టికెట్ ఇస్తాడు, ఇవ్వాలి కూడా. ఇంకో మాట. పిల్లల కారు సీటు బెల్టు కింద ఉబ్బు జాకెట్ వెయ్యకూడదని ఆస్పత్రి నుంచి పంపే రోజే చెప్తారు కదా. గుద్దుకున్నప్పుడు జాకెట్ అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. జాకెట్ తీసిన పిల్లని మైనస్ పదిలో ఉన్న సీట్లో కూర్చోబెడతారా?

ఓబీడీ_రీడర్:
పలచటి ఫ్లీస్ వేసి, బెల్టు బిగించి, పైనుంచి జాకెట్ తిరగేసి కప్పాలి. దుప్పటైనా సరే. అది సరే గానీ, మొదట ఆయిల్ ఆముదంలా ఉంటుంది అన్నారు. ఇప్పుడు అద్దం, పిల్లలు అంటున్నారు. మీ వాదన ఏదో ఒకటి తేల్చుకోండి.

పాతబండి:
మీరు ఇంజిన్ తరఫు వకీలు. కార్లో మనుషులు కూర్చుంటారని మర్చిపోయారు.

ఓబీడీ_రీడర్:
అడిగిన ప్రశ్న ఇంజిన్ గురించే. పైకెళ్ళి చదవండి.

పాతబండి:
చదవడం నాకూ వచ్చు. మీలాంటి పుస్తకాల మేధావి మాట వినే షాపువాడు నా దగ్గర బ్యాటరీ పేరుతో మూడొందల డాలర్లు గుంజాడు. రిమోట్ స్టార్ట్ వల్లే పోయిందట!

ఓబీడీ_రీడర్:
షాపువాడి మాటలో కొంత నిజం ఉంది. సున్నా ఫారన్‌హీట్ దగ్గర బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది. రెండుసార్లు స్టార్ట్ చేసి, హీటర్లన్నీ వేసి, నాలుగు మైళ్ళు నడిపి ఆపేస్తే లాగినంత తిరిగి ఎక్కదు. ఇరవై డాలర్లు పెట్టి మల్టీమీటర్ కొనుక్కోండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఇంకా దిగనిస్తే లోపలి ద్రవం గడ్డకట్టి డబ్బా ఉబ్బుతుంది. ఉబ్బినదానికి జంపర్ కేబుళ్ళు తగిలించొద్దు, పేలుతుంది.

ఉత్తరగాలి:
టైర్లు ఎవరూ ఎత్తలేదు. పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబర్లో 35 ఉన్నది జనవరికి 28.

బొగ్గులకుంపటి:
ఇంతసేపూ ఎవరూ అడగలేదేంటో. మేడమ్, కారు బయటెందుకు ఉంటోంది? మినియాపొలిస్ ఇంటికి గరాజ్ లేదా?

చక్రపొంగలి:
ఉంది. రెండు కార్లది. ఒక పక్క నా కారు. రెండో పక్క ఆయన ట్రెడ్‌మిల్, పెద్ద ఫ్రీజర్, సోనా మసూరి బస్తాలు, మా అత్తగారి నాలుగు సూట్‌కేసులు, ఫంక్షన్‌కి కొన్న అరవై మడత కుర్చీలు. ఖాళీ చేయమంటే "ఎండలొచ్చాక" అంటారు. మూడు ఎండాకాలాలు వెళ్ళాయి.

పాతబండి:
అదీ సంగతి! మీ కారు లోపల, ఆయన కారు మంచులో. ఇంక పాపం ఆయన రిమోట్ నొక్కక ఏం చేస్తాడు?

చక్రపొంగలి:
ట్రెడ్‌మిల్ ఎవరిదండీ? కుర్చీలు ఎవరు కొన్నారు? ఆయన సామాను మీద ఆయన కారు పెట్టుకోలేకపోతే నా కారు బయట పెట్టాలా? పిల్లల్ని స్కూల్లో దింపేది నేను.

నెయ్యిదోశ:
ఆహా, ఇప్పుడొచ్చింది అసలు కేసు. గ్యాస్ లెక్క నా చేత అనవసరంగా వేయించారు.

బొగ్గులకుంపటి:
వారాంతంలో అయ్యే పనే ఇది. కారు పొడవు పదహారు అడుగులనుకోండి, ముందూ వెనకా మనిషి తిరగడానికి చోటు వదలండి. పక్క గోడకి పదహారు అంగుళాల లోతు షెల్ఫులు, గోడ లోపలి కర్రల్లోకే స్క్రూలు దిగాలి. ఉత్త షీట్‌రాక్‌కి (గోడకి కొట్టే జిప్సం పలకకి) బిగిస్తే మొత్తం ఊడి బానెట్ మీద పడుతుంది. కుర్చీలు గోడ హుక్కులకి, ఖాళీ సూట్‌కేసులు ఒకదాంట్లో ఒకటి పెట్టి సీలింగ్ ర్యాక్ మీదకి. బియ్యం ఇంట్లోకి తెచ్చి మూత బిగుసుకునే డబ్బాల్లో పొయ్యండి, గరాజ్‌లో ఉంచితే ఎలుకలకి పెట్టినట్టే. ఫ్రీజర్ చల్లటి గరాజ్‌లో పనిచేసే రకమో కాదో మాన్యువల్‌లో చూడండి. పైన ఫ్రీజరు, కింద ఫ్రిజ్ ఉండే మామూలు రకమైతే చలికి కంప్రెసర్ తిరగడం మానేసి లోపలి పచ్చిబఠానీ కరుగుతుంది.

ఓబీడీ_రీడర్:
ఒక్క హెచ్చరిక. కారు లోపలికి వచ్చాక రిమోట్ స్టార్ట్ బంద్. షట్టర్ తెరిచినా సరే, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది. దానికి వాసన ఉండదు. జేబులో బటన్ పొరపాటున నొక్కుకుపోయినా ప్రమాదమే, అందుకని ఆ ఫీచర్ సెట్టింగ్స్‌లో ఆపేయించండి. పడగ్గదుల దగ్గర అలారం ఉందో లేదో ఇవాళే చూడండి.

కరీంనగర్_పోరడు:
ట్రెడ్‌మిల్ అమ్ముతరా వదినా? నేనొచ్చి తీస్కపోత.

చక్రపొంగలి:
ఆయన్ని అడిగి చెప్తాను. మీ చేతే అడిగించడం మేలేమో.

పాతబండి:
గరాజ్ సరే. సాయంత్రం ఆఫీసు లాట్‌లో మైనస్ 15లో తొమ్మిది గంటలు నిలబడ్డ బండి సంగతేంటి? దానికీ ముప్పై సెకన్లేనా?

ఓబీడీ_రీడర్:
ఇంజిన్‌కైతే అంతే. అద్దం కోసమైతే పూర్తిగా కనపడేదాకా. బయట మీరు గీకుతూ ఉంటే ఐదు, ఎనిమిది నిమిషాలు.

పాతబండి:
నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే.

ఓబీడీ_రీడర్:
మీరు చెప్పింది పదిహేను.