డంక్ పోటీకి పెద్ద స్టార్లు రాకపోతే ఆపేయడమే మంచిదా?

వైజాగ్_హూప్స్:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జరిగే ఆల్‌స్టార్ డంక్ పోటీ (ఎగిరి బంతిని బుట్టలోకి బలంగా కొట్టే పోటీ) కోసం ఏటా ఆదివారం పొద్దున్నే లేచి కూర్చుంటాను. కొన్నేళ్లుగా చూసి లేచేటప్పుడు మనసు బాగుండట్లేదు. 1988లో షికాగోలో జోర్డాన్, డొమినిక్ విల్కిన్స్ ఢీ అంటే ఢీ అన్నారు. అప్పటికే ఇద్దరూ లీగ్‌లో పెద్ద పేర్లు. ఈ తరం పెద్ద స్టార్ లెబ్రాన్ జేమ్స్ మాత్రం ఈ పోటీలో ఒక్కసారీ దిగలేదు. 2023 నుంచి 2025 దాకా వరసగా మూడుసార్లు గెలిచిన మాక్ మెక్‌లంగ్‌కి ఎన్‌బీఏలో నిలకడగా చోటే లేదు. స్టార్లకు పట్టని పోటీ మనకెందుకు? 1998లో ఒకసారి పక్కన పెట్టారు కదా, మళ్లీ పెట్టేయండి.

గుంటూరు_గార్డ్:
అన్నా, మెక్‌లంగ్ గురించి ఆ మాట ఒప్పుకోను. రిమ్ (బుట్ట అంచు) ఎత్తు 10 అడుగులు, అతను 6 అడుగుల 2 అంగుళాలు. 2025లో కారు మీదుగా ఎగిరి కొట్టాడు. ఆ రాత్రి నాలుగు డంకులకూ జడ్జీలు 50కి 50 ఇచ్చారు. ఇంకేం కావాలి?

1986లో డాలస్‌లో గెలిచిన స్పడ్ వెబ్‌ది 5 అడుగుల 7 అంగుళాలు. ఓడించింది ఎవర్ని? మీరు చెప్పిన విల్కిన్స్‌నే. ముందు ఏడాది ఛాంపియన్, పైగా ఇద్దరిదీ అట్లాంటా టీమే. నేను అయిదున్నర అడుగులు. స్కూల్లో కోచ్ నన్ను కోర్టు బయటే నిలబెట్టేవారు. వెబ్ వీడియో చూసిన రోజు రాత్రి నిద్రపోలేదు. స్టార్లకే పోటీ అని ఉంటే వెబ్ ఎక్కడి నుంచి వచ్చేవాడు?

డాలస్_పద్మ:
ఇద్దరూ అసలు రోగం వదిలేశారు. స్టార్లు రాకపోవడానికి సగం కారణం జడ్జీలే.

2016లో టొరంటోలో ఆరన్ గోర్డన్ మస్కట్ (టీమ్ బొమ్మ వేషం వేసుకున్న మనిషి) తల మీది బంతి అందుకుని, గాల్లో కూర్చున్నట్టు రెండు కాళ్ల కింద నుంచి తిప్పి కొట్టాడు. అంతకంటే కొత్త డంక్ నేను చూడలేదు. గెలిచింది జాక్ లవీన్. అక్కడ సర్దుకోవచ్చు, లవీన్ కూడా అద్భుతంగా ఆడాడు. 2020 షికాగో సంగతి సర్దుకోలేను. గోర్డన్‌కి వరసగా అయిదు 50లు వచ్చాయి. చివరికి 7 అడుగుల 5 అంగుళాల టాకో ఫాల్ మీదుగా దూకితే 47 ఇచ్చారు! ఒక్క పాయింట్ తేడాతో ట్రోఫీ డెరిక్ జోన్స్ జూనియర్‌కి పోయింది. గోర్డన్ ఇక రానన్నాడు, ఎందుకు వస్తాడు?

వైజాగ్ గారూ, మీరు మొక్కే 1988 పోటీ కూడా అంతే. విల్కిన్స్ చివరి డంక్‌కి 45, జోర్డాన్‌కి సొంత టీమ్ ఊళ్లో 50. దాని మీద గొడవ ఇప్పటికీ ఆగలేదు.

కోనసీమ_క్రాస్ఓవర్:
పద్మ గారు చెప్పింది నిజమే. నా బాధ వేరు, డంక్ కంటే సరంజామా ఎక్కువైంది. 2000లో విన్స్ కార్టర్‌కి ఏ కారూ అక్కర్లేదు. మోచేయి దాకా చెయ్యి రిమ్‌లో పెట్టి వేలాడాడు, అంతే.

గుంటూరు_గార్డ్:
అన్నా, వేషం అంతా దండగ కాదు. 2008లో డ్వైట్ హోవర్డ్ సూపర్‌మ్యాన్ కేప్ కట్టుకుని గెలిచాడు. మరుసటి ఏడాది 5 అడుగుల 9 అంగుళాల నేట్ రాబిన్సన్, సూపర్‌మ్యాన్ బలం లాగేసే క్రిప్టోనైట్‌లా ఆకుపచ్చ బట్టలేసుకుని, అదే హోవర్డ్ మీదుగా దూకి ట్రోఫీ తీసుకెళ్లాడు. అంతకు ముందు తరంలో డారిల్ డాకిన్స్ ఉన్నాడు. తనది లవ్‌ట్రాన్ అనే గ్రహమని చెప్పేవాడు, ఒక్కో డంక్‌కి ఒక్కో పేరు పెట్టేవాడు. 1979లో నెల తిరక్కుండా రెండు బ్యాక్‌బోర్డులు (బుట్ట వెనక పలకలు) పగలగొట్టాడు. ఈ మనుషుల్ని తీసేస్తే మిగిలేది ఎత్తు కొలతలే.

ఇంకోటి, కార్టర్‌కి 2000లో అది రెండో సీజన్. 2016లో లవీన్‌కీ అంతే. పేరు రావాల్సిన వయసులో దిగారు. లెబ్రాన్ గెలిస్తే కొత్తగా వచ్చేదేం లేదు, ఓడితే మాత్రం జీవితాంతం ఆ వీడియో తిరుగుతూనే ఉంటుంది.

వైజాగ్_హూప్స్:
తమ్ముడూ, ఆపేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మెక్‌లంగ్ గురించి తేలిగ్గా మాట్లాడాను, అది తప్పే. లెబ్రాన్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఓడిపోతాననే భయం జోర్డాన్‌కీ ఉండాలిగా? 1985లో విల్కిన్స్ చేతిలో ఓడాడు, అయినా 1987లో మళ్లీ వచ్చాడు.

పద్మ గారూ, జడ్జీలుగా పాత డంక్ ఛాంపియన్లనే పెడితే 2020 లాంటిది జరగదంటారా?

డాలస్_పద్మ:
కొంత తగ్గుతుంది. స్కోర్లు ఒకరివి ఒకరు చూసుకోకుండా ఒకేసారి నొక్కే పద్ధతి కూడా ఉండాలి.